అమ్మ అడగమన్న ఒక్క మాట

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందు చెప్పి, తరువాత మా అమ్మ గురించి రాస్తాను. నాలుగేళ్ల కిందట, సింగపూర్‌లో ఒక మ్యూజియం వసారాలో నిలబడి, అమ్మకు నేను ఒక అబద్ధం చెప్పాను. చిన్నదే. ఆ అబద్ధాన్ని అమ్మ తాండూరుకు మోసుకొచ్చి కార్ఖానాలో, వాడలో, పెళ్లిళ్లలో, బస్సులో పక్క సీటులో కూర్చున్న కొత్త మనుషులకు కూడా చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ నేను పక్కనే తల వంచుకుని ఉన్నాను. పదో తరగతి నుంచి ఏ రోజూ తప్పకుండా డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో మాత్రం ఆ ఒక్క వాక్యం లేదు.

మా అమ్మ పేరు మొగులమ్మ. తాండూరులో, నేలకు పరిచే బండల పాలిష్ కార్ఖానాలో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. కిందటి నెలలో, వికారాబాద్‌లో మేము అద్దెకున్న ఇంట్లో, పొద్దున తొమ్మిది కాకముందే కన్నుమూసింది. అప్పుడు నేను ఆఫీసుకు వెళ్లే రైల్లో ఉన్నాను. శంకర్‌పల్లి దగ్గర పడుతుండగా ఫోను మోగింది. ఖాజాబీ అత్త. అమ్మతో పాటు కార్ఖానాలో పనిచేసిన మనిషి, అమ్మకు అక్కచెల్లెళ్లు లేని లోటు తీర్చిన మనిషి. అమ్మను చూసిపోదామని రెండు రోజుల ముందే తాండూరు నుంచి వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను "మూగపిల్లా" అని తప్ప పిలవలేదు. ఆ పొద్దున "మంజులా" అంది. నా పేరు వినగానే నాకు అంతా తెలిసిపోయింది.

"యాడున్నవ్ బిడ్డ? వచ్చే టేషన్ల దిగు. దిగి ఎన్కకు రా. ఏం అడగకు. రా."

దిగాను. వికారాబాద్ వైపు వెళ్లే బండి ఏదో, ఎప్పుడో తెలియదు. ప్లాట్‌ఫారం మీద నలుగురైదుగురు ఉన్నారు. ఎవరినైనా అడిగితే చెప్పేవారు. నా గొంతు లేవలేదు. నా కళ్లముందే ఒక బండి వచ్చి ఆగి వెళ్లిపోయింది. అది వికారాబాద్‌లో ఆగుతుందో లేదో అడగలేక ఎక్కలేదు. ఆగే బండేనని తరువాత తెలిసింది. అమ్మ దగ్గరికి నేను ముప్పావుగంట ఆలస్యంగా చేరాను. చేరేసరికి ఆమె చేతులు చల్లబడ్డాయి.

తాండూరు మహిళా సంఘం వాళ్లు అమ్మ పేరిట చిన్న పుస్తకం వేస్తామని, నాలుగు పేజీలు రాసిమ్మని అడిగారు. సభలో మాట్లాడమని అడగలేదు. వాళ్లకు నేను తెలుసు.

అమ్మ పుట్టింది కొడంగల్ దగ్గర ఒక పల్లెలో, గొర్లు కాసే ఇంట్లో. పెళ్లయ్యేదాకా చెప్పులు ఎరగదు. మంద వెనక నడిచి నడిచి ఆమె పాదాలకు నేల చదవడం వచ్చింది. ఎక్కడ కింద రాయి ఉందో, ఎక్కడ తేమ ఉందో అరికాలితో చెప్పేది. నాన్న తాండూరులో లారీలకు బండలు ఎత్తే పని చేసేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా జ్వరంతో పోయాడు. నెల తిరగకముందే అమ్మ కార్ఖానాకు పోయింది. మొదట బండలు మోసింది. తరువాత కడిగింది. ఐదారేళ్లకు ఏరే పనికి వచ్చింది. ఇక అక్కడే నిలిచింది.

ఏరడమంటే, పాలిష్ అయిన బండల్లో నీలంవి, పసుపువి, చారలున్నవి, లోపల పగులున్నవి వేరువేరుగా పెట్టడం. చూడడానికి తేలిక. ఎండిన బండ మీద దుమ్ము పేరుకుని ఉంటుంది, అన్నీ బూడిదరంగులోనే కనిపిస్తాయి. అమ్మ తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, వంగి చూసి, వేలి కణుపుతో టక్కున కొట్టి వినేది. "గిది మంచిది." "గిది సగం తొవ్వల పలుగుతది." పలుగుతదన్న బండ పగలకుండా ఎక్కడికైనా చేరిందని నేనెప్పుడూ వినలేదు. కొనేవాళ్లతో తగాదా వస్తే కార్ఖానా సేటు కుర్చీలోంచి లేచి వచ్చి "మొగులమ్మను పిలువుండ్రి" అనేవాడు.

ఆమె మాట ఒకటి నా డైరీలో చాలా పేజీల్లో ఉంది. "ఎండినప్పుడు అన్ని బండలు ఒక్క తీర్గనే ఉంటయ్ బిడ్డ. తడిపి చూస్తె ఏదేందో తెలుస్తది." మనుషుల గురించి కూడా ఇలాగే అనుకునేదని నా ఊహ. ఎవరితోనైనా నాలుగు మాటలు కలిపి చూడనిదే ఆమె ఒక అభిప్రాయానికి వచ్చేది కాదు.

నేను ఆమెకు పూర్తిగా భిన్నం. బడి అయ్యాక కార్ఖానాకు వెళ్లి, బండల దొంతర నీడలో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఎవరు పలకరించినా తల ఊపడమే. ఖాజాబీ అత్త నాకు పేరు పెట్టింది అక్కడే.

"మొగులమ్మా, గీ మూగపిల్ల నీ కడుపుల ఎట్ల వుట్టిందే? నీ నోరు మూతవడదు, దీని నోరు తెరవదు."

"మూగది గాదు," అనేది అమ్మ, చేతిలో పని ఆపకుండా. "మాటలు దాసుకుంటుంది. సంచి నిండినంక తనే ఇప్పుతది. నువ్వు జర నీ సంచి మూట గట్టరాదు?"

కార్ఖానాలో అడుగు అంటే కొలత. రెండడుగుల బండ, మూడడుగుల బండ అంటారు. నేను పెరిగింది ఆ మాటల మధ్య. ఒకసారి అమ్మ నన్ను రేషన్ షాపుకు తీసుకెళ్లింది. నాకు ఎనిమిదేళ్లు. "చక్కెర వచ్చిందా అని అడుగు" అనాల్సింది, వెనకనుంచి నన్ను ముందుకు నెట్టి "అడుగు" అని మాత్రం అంది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. "అడుగే" అంది మళ్లీ. ఇంకో అడుగు వేశాను. మూడోసారికి నా ముక్కు షాపు బల్లకు తగిలింది. లైనులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. తరువాత చంకలో వేసుకుని ఇంటిదాకా మోసింది, అంత పెద్దదాన్ని. ఖాజాబీ అత్త ఈ కథను ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉంది. "అడగమంటె అడుగేసిన పిల్ల గిదే" అని నన్ను కొత్తవాళ్లకు చూపిస్తుంది.

అమ్మకు చదువు రాదు. నేను డైరీ రాస్తుంటే పక్కన కూర్చుని చూసేది.

"రోజు ఏం రాస్తవే? నేను తిట్టినయ్ గిట్ల రాస్తున్నవా?"

"లేదమ్మా."

"రాయి. మంచిగ రాయి. రేపు ఎవరన్న సదివితె మొగులమ్మకు తిట్టస్తదని తెల్వాలె."

చదువు అయ్యాక హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర లేదు. రెండో ఏడు కంపెనీ నన్ను మూడు నెలలు సింగపూర్ పంపింది. నేను భయపడుతుంటే అమ్మ, "నేనొస్త పది రోజులు. జర చూసిపోత" అంది, పక్క ఊరికి వచ్చినట్టు.

ఆమె ఒక్కతే విమానం ఎక్కింది. తెలుగు, తాండూరు బజారు ఉర్దూ, సరిహద్దు పల్లెల కన్నడం తప్ప ఇంకో భాష రాదు. నేను విమానాశ్రయంలో అద్దాల అవతల వణుకుతూ నిలబడితే, ఆమె ఒక తమిళ కుటుంబంతో నవ్వుకుంటూ బయటికి వచ్చింది. ఆమె సంచి వాళ్లాయన భుజాన ఉంది. వాళ్ల చంటిపాప ఆమె చంకలో ఉంది.

"ఎట్లొచ్చినవమ్మా?"

"అడుక్కుంట వచ్చిన," అంది అమ్మ.

మేమిద్దరం కలిసి ఊరు చూసింది ఒక్కరోజే, ఒక ఆదివారం. మిగతా రోజులు నాకు ఆఫీసు. చూడాల్సిన ఏడు చోట్లను నోటు పుస్తకంలో వరుసగా రాసుకున్నాను. ఏ రైలు, ఏ గేటు, ఎన్ని నిమిషాలు అన్నీ రాసుకున్నాను, ఎక్కడా ఎవరినీ అడిగే అవసరం రాకుండా.

మెట్రో స్టేషనులో అడుగుపెట్టగానే అమ్మ చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది.

"అమ్మా, వేసుకో. అందరూ చూస్తున్నరు."

"చూడనీ. గింత సాఫ్ జేసిన నేల మీద చెప్పులతో నడుస్తరా? తుడిసినోళ్ల చేతులు ఏమనుకోవాలె?"

కదిలే మెట్ల దగ్గర మాత్రం వేళ్లు చిక్కుకుంటాయని బతిమాలి వేయించాను. పైకి రాగానే మళ్లీ విడిచింది. ఆ రోజంతా ఆమె అలాగే నడిచింది, చెప్పులు ఒక చేతిలో, నా చెయ్యి ఇంకో చేతిలో.

నది ఒడ్డున ఆకాశాన్ని తాకే మేడలు వరుసగా నిలబడి ఉన్నాయి. "అమ్మా, పైకి చూడు" అన్నాను. అమ్మ ఒకసారి పైకి చూసి, వెంటనే కిందికి చూసింది. మేము నిలబడ్డ చోట పరిచిన రాళ్ల అంచు మీద కాలి బొటనవేలితో రాసింది.

"గివి మనయ్ గావు. గరుకున్నయ్. గింత మందం ఎవలు మోసిండ్రో పాపం."

నేను రాసుకున్న వరుసలో మూడో చోటికి దారి తప్పింది. ఫోనులో చూస్తూ ఒకే వీధిని రెండుసార్లు చుట్టాను. మూడోసారి కూడా చుట్టేదాన్నే. అమ్మ నా చెయ్యి విడిచి, రోడ్డు ఊడుస్తున్న ఒకామె దగ్గరికి పోయింది. ఆమె తమిళ మనిషి. అమ్మ కన్నడంలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగు కలిపి, చేతులతో పూర్తి చేసింది. ఆమె చీపురు గోడకు ఆనించి తమిళంలో చెప్పింది. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. చివరికి ఆమె అమ్మ భుజం పట్టుకుని తిప్పి, కుడివైపు సందు చూపించింది.

"పది నిమిషాలు ఏమడిగినవమ్మా?"

"ఎంతమంది పిల్లలని అడిగిన. కాళ్లు నొస్తున్నయా అని అడిగిన."

"దారో?"

"గది ఆఖర్ల అడిగిన. ముందుగాల్నే తొవ్వ అడిగితె ఎట్లుంటది? గరజు కోసం, మన పనికే వచ్చినట్టుంటది."

మధ్యాహ్నం ఒక పార్కు బెంచీ మీద, ఆమె పొద్దున చేసి మూట కట్టిన జొన్నరొట్టెలు, పల్లికారం తిన్నాం. మైనా పిట్టలు వచ్చి చుట్టూ మూగాయి. పిట్టలకు మేత వేయరాదని బోర్డు ఉంది. చదివి చెప్పాను. అమ్మ రొట్టె ముక్కలను కొంగులో దాచుకుని పిట్టల వైపు చూసి, "నాకు సదువు రాదు గని, మా బిడ్డ సదివింది, ఏం జేస్త" అని వాటికి సంజాయిషీ చెప్పుకుంది.

తిన్న తరువాత వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి ఎదురుగా ఉన్న పాత భవనంలోకి పరుగెత్తాం. అది ఒక మ్యూజియం. నా ఏడు చోట్లలో అది లేదు. లోపలి వస్తువులు ఒక గంట చూశాక, వెనకవైపు వసారాలోకి వచ్చాం. అక్కడ ఎవరూ లేరు. తోటలో వాన పడుతోంది. నాలుగడుగులు వేసి అమ్మ ఆగిపోయింది.

"మంజులా, ఆగు."

కాలికి ఏదైనా గుచ్చుకుందనుకున్నాను. ఆమె అరికాలిని నేల మీద అటూ ఇటూ కదుపుతోంది. తరువాత చెప్పులు పక్కన పెట్టి గొంతుక్కూర్చుంది. నీళ్ల సీసా తీసి, కొంగు చివర తడిపి, నేల మీది బండను తుడిచింది. బూడిదరంగు కిందినుంచి నీలం పైకి వచ్చింది. తాండూరులో వాన పడ్డప్పుడు మా వాకిలికి వచ్చే రంగు అది. వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించింది.

"బిడ్డా, గిది మనదే."

"అమ్మా లే, ఎవరన్న వస్తరు."

వచ్చాడు కూడా. నీలం చొక్కా కాపలాదారు, నడివయసు మనిషి. మా దగ్గరికి వచ్చి, తడిసిన బండను, అమ్మను, పక్కనున్న చెప్పులను వరుసగా చూశాడు. అమ్మ లేవలేదు.

"పరేషాన్ గాకు నాయినా, రంగు చూస్తున్న," అని తెలుగులోనే చెప్పి, నా వైపు తిరిగింది. "మంజులా, గీ బండ యాడికెల్లి తెచ్చిండ్రో జర అడుగు."

ఆ వాక్యం నాకు ఇంగ్లీషులో వచ్చు. ఐదు మాటలు. నోట్లో వరుసగా నిలబడ్డాయి కూడా. ఆయన నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు. నా నోటినుంచి "సారీ" అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆయన నవ్వి, పరవాలేదు, బండ తడిగా ఉంది, జారిపోకండి అని ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయాడు.

"ఏమన్నడు?" అంది అమ్మ. అన్ని రోజుల్లో అంత ఆశగా ఆమె ముఖం నేను చూడలేదు.

"అవునంట అమ్మా," అన్నాను. "ఇండియా నుంచే తెచ్చిండ్రంట. మన దిక్కు నుంచే."

అమ్మ రెండు అరచేతులూ బండ మీద ఆనించి కాసేపు కూర్చుంది. తరువాత లేచి, ఆ బండ మీద రెండు పాదాలు జత చేసి నిలబడి, "ఫొటో దియ్యి" అంది. ముఖం తీయబోతే "మొగం గాదు, కాళ్లు దియ్యి. కింద బండ కనవడాలె" అంది. ఈ పుస్తకం అట్ట మీద ఉన్నది ఆ ఫొటోనే. సంఘంలో పెద్ద చర్చ జరిగింది. "మొగం లేని ఫొటో ఏందే, సచ్చినామె ఎవలో ఎట్ల తెలుస్తది?" అని ఖాజాబీ అత్త గట్టిగా అడ్డుకుంది. తరువాత ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "మొగులమ్మ కాళ్లు తెల్వనోళ్లు ఎవలున్నరు తీయ్" అని తనే ఒప్పుకుంది.

తిరిగి వచ్చాక, కార్ఖానాలో అమ్మ చుట్టూ పనిమనుషులంతా చేరారు. అమ్మ మేడల గురించి చెప్పలేదు, రైళ్ల గురించి చెప్పలేదు. బండ గురించి చెప్పింది. అంతా విని ఖాజాబీ అత్త నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"పదారేండ్ల సంది బండల మీద నిలవడ్డవ్. విమానమెక్కి గంత దూరం పోయి, మల్ల బండల మీదనే నిలవడి వచ్చినవా?"

"మన బండనే గది. ఉట్టిగ గాదు. మా మంజుల అడిగింది. పోలీసు లెక్క ఉన్నడు మనిషి. గసువంటోని ముందట నిలవడి ఇంగ్లీషుల అడిగింది నా బిడ్డ. గప్పుడు చెప్పిండు వాడు."

ఎప్పుడు చెప్పినా కథ ఇలాగే చెప్పేది. ఒక్క మాట మారేది కాదు. నేను అడిగానన్న చోటికి వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం పైకి లేచేది. ఆ చోటే నాకు తల వంగిపోయేది. కొత్తగా పనిలోకి వచ్చిన ఆడపిల్లలకు కూడా ఇదే చెప్పి, "జర మంచిగ ఏరుండ్రి, గివి యాడికి పోతయో ఎవలకెర్క" అనేది. వాళ్లు నిజంగానే శ్రద్ధగా ఏరేవారు. నా అబద్ధం మీద అంతమంది నిలబడి పనిచేస్తున్నారని తలచుకుంటే నాకు చెప్పే ధైర్యం ఇంకా తగ్గేది.

రెండేళ్ల కిందట అమ్మకు దగ్గు పట్టుకుంది. ఎన్నాళ్లకూ తగ్గలేదు. దుమ్ముకు దూరంగా ఉండాలని డాక్టరు చెప్పాడు. అనంతగిరి గాలి ఊపిరితిత్తులకు మంచిదని మా వైపు పెద్దలనుంచి వస్తున్న నమ్మకం. అందుకని వికారాబాద్‌లో, గుట్టల వైపు పోయే రోడ్డు మీద ఇల్లు తీసుకున్నాం. నాకు ఆఫీసుకు రైలు కూడా దగ్గరే. సామాను సర్దుతున్నప్పుడు అమ్మ ఒక రెండడుగుల నీలం బండ బయటకు తీసింది. లారీలో వేస్తే పలుగుతదని, తాండూరు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దాన్ని కొత్త ఇంటి గడప బయట మెట్టుగా వేసింది. పొద్దున్నే దాని మీద నీళ్లు చల్లి, రంగు చూసి, తరువాత దాని మీదే కూర్చుని పోయేవాళ్లందరినీ పలకరించేది. మేము దిగిన నెలకే ఆ వీధిలో ఎవరింట్లో ఏం వండారో ఆమెకు తెలుసు. పక్కింటివాళ్ల పేరు నాకు ఆమె అంత్యక్రియల రోజు తెలిసింది.

చివరి పొద్దున ఆమె బాగానే ఉంది. దగ్గు తగ్గింది, చాయ్ తాగింది. ఖాజాబీ అత్త లోపల గిన్నెలు తోముతోంది. అమ్మ బండ మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని బూట్లు వేసుకుంటున్నాను. చల్లిన నీళ్లకు బండ నీలంగా ఉంది. ఎందుకో ఆ రోజు ఇక దాచలేననిపించింది.

"అమ్మా, ఆ సింగపూర్ బండ..."

"నువ్వు వాణ్ని అడగలే," అంది అమ్మ.

లేసు కడుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలుసు?"

"గప్పుడే. నువ్వన్నది ఒక్కటే మాట. సారీ. గా మాట మా సేటు నోట్ల ఎన్ని సార్లు ఇన్లే? గంత పెద్ద ముచ్చట ఒక్క సారీల ఎట్ల వడ్తదే?"

"మరి అందరికీ అట్లెందుకు చెప్పినవ్? అబద్ధం గదా."

అమ్మ నవ్వింది. నవ్వుతో దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి, తను కూర్చున్న బండ అంచును అరచేత్తో తుడిచింది.

"బండ మనదే. తడిపి చూసిన గద. గది వాడు చెప్తెనే నాకు తెల్వాల్నా? నా బిడ్డ అడిగిందని చెప్పుకున్న. గదొక్కటే అబద్ధం. గది గూడ ఎప్పుడో ఒకనాడు నిజమైతది తీయ్."

లేసు ముడి బిగించాను. రైలుకు వేళ అయింది. లేచాను.

ఆ కార్ఖానాలో ఇప్పుడు బండలు ఏరడానికి మనుషులున్నారు. అమ్మ నేర్పినవాళ్లే. కానీ తగాదా వచ్చినప్పుడు సేటు ఎవరి పేరు పెట్టి పిలవాలో తెలియక ఒక నిమిషం ఊరికే నిలబడుతున్నాడని ఖాజాబీ అత్త చెప్పింది. మా వీధిలో పొద్దున పోయేవాళ్లు మా గడప ముందు నడక నెమ్మది చేసి, ఖాళీ బండను చూసి పోతున్నారు. నేను ఆమెకు వేరే నివాళి ఏమీ ఇవ్వలేను. రోజూ పొద్దున ఆ బండ మీద నీళ్లు చల్లి రంగు వచ్చేదాకా చూస్తున్నాను.

ఇంకొకటి చేశాను. కిందటి వారం, వికారాబాద్ స్టేషను బెంచీ మీద కూర్చుని ఆ మ్యూజియానికి ఫోను చేశాను. ఉత్తరం రాయవచ్చు, అది నాకు తేలిక. అందుకే రాయలేదు. అవతల ఒకామె ఎత్తింది. మీ వెనక వసారాలో పరిచిన బండలు ఎక్కడినుంచి తెచ్చినవి అని అడిగాను. పక్కనున్నవాళ్లు నా వైపు తిరిగి చూశారు, అంత గట్టిగా అడిగాను. ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదని, పాత కాగితాలు చూసి చెబుతానని ఆమె అంది. ఎందుకడుగుతున్నారంది. మా అమ్మ అడగమంది అన్నాను. మీ ఊరి పేరేమిటంది. తాండూరు అని ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, కార్ఖానాలో అమ్మ చెప్పిన కథలో ఇప్పుడు అబద్ధం లేదు.

ఆ పొద్దున సంగతి ఇంకొంచెం మిగిలింది. నేను గేటు దాటి నాలుగడుగులు వేశాను. రెండేళ్లుగా రోజూ ఎక్కే బండి అది, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో నాకు తెలుసని అమ్మకూ తెలుసు. అయినా రోజూ వెనకనుంచి ఒక మాట వేసేది. నేను రోజూ వెనక్కి తిరగకుండానే తల ఊపేదాన్ని. ఆ రోజు తిరిగి చూశాను. అమ్మ తడి బండ మీద పాదాలు జత చేసి కూర్చుని, ఊపిరి కూడదీసుకుని అంది:

"బండి యాడికొస్తదో ఎవలనన్న అడుగు, బిడ్డ."